అప్పీలుకు ముందు అనుమతి

ప్రభుత్వపు ఉత్తరువు రాజ్యాంగ విరుద్ధమని తోచినవారు 226వ అధికరణము క్రింద హైకోర్టు నాశ్రయింపవచ్చును. ఆ ఉత్తరువు మంచిదా, చెడ్డదా యని హైకోర్టు చూడదు. అట్లు చేయుటకు ప్రభుత్వమునకు అధికారము కలదా, న్యాయమైన పద్ధతిని అనుసరించెనా యనియే విచారించును. ఇదియే న్యాయసమీక్ష.

అక్కడ ఓడినవారు తిన్నగా సుప్రీంకోర్టున అప్పీలు చేసికొందురని మనలో పెక్కురు తలంచెదరు. అది సరికాదు. హైకోర్టు యోగ్యతాపత్రము నిచ్చినచో సరియే. లేనియెడల 136వ అధికరణము క్రింద ప్రత్యేకానుమతి వేడవలెను. తీర్పు వెలువడిన 90 దినములలో అర్జీ దాఖలు కావలెను. తీర్పు తప్పని చెప్పిన చాలదు. అత్యున్నత న్యాయస్థానము కలుగజేసికొనవలసినంత ముఖ్యమైన ప్రశ్న అందు గలదని చూపవలెను. దేశమందలి 25 హైకోర్టుల నుండియు వచ్చు వ్యాజ్యముల నన్నిటిని మొదటినుండి వినవలసివచ్చిన, ఏ న్యాయస్థానము మాత్రము తాళగలదు?

ప్రభుత్వమునకు సైతము ఈ ద్వారము తప్పదు. భాషాల్పసంఖ్యాకులమైన మనము తెలియదగిన వ్యాజ్యమొకటి కలదు. 1 నుండి 4 తరగతుల వరకు బోధన మాతృభాషయందుగాని, కన్నడమునందుగాని జరుగవలెనని కర్ణాటక ప్రభుత్వము 1994 ఏప్రిల్ 29న ఉత్తరువు చేసినది. ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలల యాజమాన్యములు దానిని ఎదిరించినవి. ప్రభుత్వ సహాయము పొందని పాఠశాలలపై ఆ నిర్బంధము చెల్లదని 2008లో హైకోర్టు తీర్పు చెప్పినది. అంతట ప్రభుత్వమే అర్జీదారై అనుమతి కోరవలసివచ్చెను. అనుమతి లభించెను, 2013లో ప్రశ్నలు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనమునకు నివేదింపబడెను. 2014 మే 6న ప్రభుత్వము మరల ఓడినది. బిడ్డ మాతృభాష యేదో తల్లిదండ్రులో, సంరక్షకులో చెప్పవలెననియు, అల్పసంఖ్యాకులను మాతృభాషయందే చదువుమని రాజ్యము నిర్బంధింపజాలదనియు ధర్మాసనము నిర్ణయించినది. 350ఎ అధికరణము మాతృభాషాబోధనకు సౌకర్యములు కల్పింపుమనుచున్నది గాని బలవంతపెట్టుమనుట లేదు. తెలుగు బడిలో చదువుచున్న మనకీ తీర్పు సగము స్వేచ్ఛగను, సగము దిగులుగను తోచును.

అనుమతి దొరకుట గెలుపు కాదని దీనివలన తెలియుచున్నది. అటులనే, దొరకకపోవుటయు హైకోర్టు చెప్పిన న్యాయమును సుప్రీంకోర్టు ఆమోదించుట కాదు. కారణములు చెప్పక అర్జీని త్రోసిపుచ్చినచో, అప్పీలు వినుటకు నిరాకరించుట మాత్రమే యగునని 2000లో కున్హాయమ్మద్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు స్పష్టపరచినది. హైకోర్టు తీర్పు ఆ కక్షిదారులపై యథాతథముగ నిలుచును. అయినను ఆ తీర్పును పునఃపరిశీలింపుమని వారు తిరిగి హైకోర్టునే వేడుకొనవచ్చును.