వైఫై పెట్టెకు రెండు తాళాలు

హాల్లో దీపాలు మినుకు మినుకుమంటూ కూర్చునే వైఫై పెట్టె సంగతి ఈవేళ మాట్లాడుకుందాం. అది మగవాళ్ళ వ్యవహారమనుకుంటాం గాని, పగలంతా దానితో వేగేది మనమే కదూ!

వీధి తలుపుకు తాళం వేస్తాం. ఈ పెట్టె తలుపు మాత్రం గోడలు దాటి పక్కవాటా దాకా తెరుచుకునే ఉంటుంది. 2008 జూలైలో అహ్మదాబాద్‌లో బాంబులు పేలడానికి కొద్ది నిమిషాల ముందు పత్రికలవారికి ఒక ఈమెయిల్ వెళ్ళింది. పోలీసులు ఆరా తీస్తే అది నవీ ముంబైలోని ఒక ఫ్లాటు కనెక్షన్ మీద వచ్చిందని తేలింది. ఆ ఇంటివారికి పాపం ఏమీ తెలియదు. వారి వైఫైకి రక్షణ లేక ఎవరో వాడుకున్నారు. కనెక్షన్ ఎవరి పేర ఉంటే పోలీసులు ముందు తట్టేది వారి తలుపే మరి.

ఈ పెట్టెకు రెండు తాళాలు. ఒకటి మనం ఫోనులో కొట్టే పాస్‌వర్డు. రెండోది పెట్టె అమరికలు మార్చడానికి. ఈ రెండోదాన్ని చాలా ఇళ్ళల్లో కొన్ననాటి నుంచీ ఎవరూ ముట్టుకోరు, 'అడ్మిన్' అనే ఉంటుంది. 2016లో 'మిరాయ్' అనే దొంగ ప్రోగ్రాము ఇలాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డులే ఓ 60 పైచిలుకు వరసగా ప్రయత్నించి లక్షల కొద్దీ కెమెరాలనూ, రూటర్లనూ లోబరుచుకుంది.

పెట్టె అడుగున చీటీ చూడండి. 192.168.1.1 అనో, 192.168.0.1 అనో అంకెలుంటాయి. ఇంటి వైఫైలో ఉండి, ఫోన్ బ్రౌజరులో అవి కొడితే అమరికల పేజీ వస్తుంది. ముందు ఈ లోపలి తాళం మార్చండి. తర్వాత సెక్యూరిటీ అన్నచోట డబ్ల్యుపిఎ3 పెట్టండి, పాత ఫోన్లు ఒప్పుకోకపోతే డబ్ల్యుపిఎ2. 'వెప్' జోలికి పోవద్దు, దాని గుట్టు 2001లోనే రట్టయింది. డబ్ల్యుపిఎస్ కూడా ఆపేయండి. దాని 8 అంకెల పిన్‌ను 11,000 ప్రయత్నాల్లో పట్టేయవచ్చని 2011లో బయటపడింది. వైఫై పేరు కనబడకుండా దాస్తే చాలుననేవారున్నారు. అది తాళంచెవి పూలకుండీ కింద పెట్టినట్టే!

ఇక రద్దీ. పిల్లవాడి పాఠం ఆగి ఆగి వస్తుంటే కంపెనీవాణ్ణి తిడతాం. తీరా చూస్తే పక్క గదిలో ఎవరి ఫోనో పెళ్ళి ఫోటోలన్నీ పైకి ఎక్కిస్తూంటుంది. మేడమీద మోటారు వేస్తే వంటింటి కుళాయి సన్నబడదూ, అలాగన్నమాట. కొన్ని పెట్టెల్లో క్యూఓఎస్ అని ఒక అమరిక ఉంటుంది. అందులో పాఠం వినే ఫోనుకు మొదటి వరస ఇవ్వవచ్చు. అక్కడ మొత్తం వేగాన్ని లైను నిజంగా ఇచ్చేదానికన్నా కాస్త తగ్గించి, నూటికి తొంభై వంతు రాయండి. అప్పుడు రద్దీ మన పెట్టెలోనే నిలుస్తుంది, ఎవరిని ముందు పంపాలో అదే చూసుకుంటుంది.

వచ్చిపోయే చుట్టాలకు 'గెస్ట్' వైఫై వేరే పెట్టి, దానికి వేరే పాస్‌వర్డు ఇవ్వండి. అడిగినవాళ్ళకు లేదనక్కర్లేదు, మన సొంత ఫోన్ల వైపు వాళ్ళు రాకుండానూ ఉంటుంది.

పాస్‌వర్డు మార్చాక ఇంట్లో ఫోన్లన్నిట్లోనూ మళ్ళీ కొట్టాలి, కనుక వంట అయ్యాకే మొదలుపెట్టండి. కొత్త మాటలు సరుకుల పుస్తకం వెనకపేజీలో రాసుకోండి గాని, పెట్టెకు మాత్రం అంటించకండి.