షేరు ధర పడిపోయింది, ఇప్పుడు కొంటే లాభమా? కమలాపురం ‘బిల్ట్’ నేర్పే లెక్క

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ‘బిల్ట్’ పేరు తెలియని ఇల్లు తక్కువ. గోదావరి ఒడ్డున మంగపేట మండలం కమలాపురంలో (ఇప్పుడు ములుగు జిల్లా) ఉన్న ఈ ఫ్యాక్టరీలో వెదురు, జామాయిల్ లాంటి కలపతో రేయాన్ గుజ్జు తయారయ్యేది. ఆ గుజ్జుతోనే విస్కోస్ నూలు, దానితో బట్ట తయారవుతాయి. మొదట ‘ఏపీ రేయాన్స్’గా మొదలైన ఫ్యాక్టరీ, తర్వాత బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ లిమిటెడ్ అనే పెద్ద పేపర్ కంపెనీలో కలిసింది. జనం నోట అది ‘బిల్ట్’ అయింది.

2014 ఏప్రిల్‌లో ఇక్కడ ఉత్పత్తి ఆగిపోయింది. గుజ్జుకు రేటు పడిపోవడం, కలప, కరెంటు ఖర్చులు పెరగడం కారణాలుగా చెప్పారు. కార్మికులు జీతాల్లేక ఏళ్లకేళ్లు ధర్నాలు చేశారు. రాష్ట్ర ప్రభుత్వం రాయితీలు ఇస్తామంది. అయినా గేటు తెరుచుకోలేదు. ఇంకోవైపు అసలు కంపెనీ మీద అప్పుల భారం పెరుగుతూ పోయింది. 2020 జనవరిలో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2023లో ఫిన్‌క్వెస్ట్ సంస్థ పెట్టిన ప్లాన్‌కు నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆమోదం తెలిపింది.

ఇలాంటి కంపెనీల షేర్లు కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ‘ఒకప్పుడు ఎంత ధర ఉండేది, ఇప్పుడు రెండు రూపాయలకే వస్తోంది, కొని పెట్టుకుందాం’ అని ఒకరంటారు. ‘అది మునిగిన పడవ భాయ్, దగ్గరికి పోవద్దు’ అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటల్లో ఎంత నిజముందో ఒక్కొక్కటిగా చూద్దాం.

‘భూమి ఉంది, మెషీన్లు ఉన్నాయి, షేరుకు విలువ ఎందుకు ఉండదు?’

చాలామంది చెప్పే మొదటి మాట ఇది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ కంపెనీ ఆస్తి వేరు, షేరుదారుడి వాటా వేరు. అప్పులన్నీ తీరాక మిగిలేది మాత్రమే షేరుదారుడిది.

ఉదాహరణకు ఒక కంపెనీ ఆస్తి అమ్మితే 100 కోట్లు వస్తుంది, అప్పు 150 కోట్లు ఉంది అనుకుందాం. బ్యాంకులకే ఇంకా 50 కోట్లు తక్కువ పడుతుంది. షేరుదారుడి దాకా ఒక్క పైసా కూడా రాదు. ఎకరాలకు ఎకరాలు కళ్ల ముందు కనిపిస్తున్నా సరే, లెక్కలో అతని వాటా సున్నా.

2016లో వచ్చిన దివాలా చట్టం ఈ వరుసను స్పష్టంగా రాసింది. కంపెనీని మూసేసి అమ్మాల్సి వస్తే, 53వ సెక్షన్ ప్రకారం పైసలు ఇలా పంచాలి:

1. ముందు దివాలా ప్రక్రియకు అయిన ఖర్చులు.
2. తర్వాత కార్మికులకు 24 నెలల బకాయిలు, తాకట్టు పెట్టుకుని అప్పు ఇచ్చిన బ్యాంకుల బాకీ. ఈ రెండూ సమానం.
3. మిగతా ఉద్యోగులకు 12 నెలల బకాయిలు.
4. తాకట్టు లేకుండా అప్పు ఇచ్చినవాళ్లు.
5. ప్రభుత్వానికి రావాల్సిన పన్నులు, తాకట్టు అమ్మినా తీరని బాకీలు.
6. మిగిలిన ఇతర బాకీలు.
7. ప్రిఫరెన్స్ షేరుదారులు.
8. అందరికంటే చివర, మామూలు షేరుదారులు.

కంపెనీ గేటు ముందు కూర్చున్న కార్మికుడు రెండో వరుసలో ఉంటాడు. హన్మకొండలో మొబైల్ యాప్‌లో షేరు కొన్న మనిషి ఎనిమిదో వరుసలో ఉంటాడు. ముందు వరుసలోని కార్మికుడికే బాకీ అందడానికి ఏళ్లు పడుతుంటే, చివరి వరుసలో ఉన్నవాడు ఎంత ఆశ పెట్టుకోవచ్చో ఆలోచించుకోవాలి.

‘కొత్త యజమాని వస్తే షేరు పరుగెడుతుంది కదా?’

ఇది రెండో మాట. కొత్త యజమాని వస్తే కంపెనీ బతకొచ్చు. పాత షేరు బతకాలని లేదు. దీనికి దేశంలో పెద్ద ఉదాహరణ డీహెచ్‌ఎఫ్‌ఎల్. ఇళ్ల లోన్లు ఇచ్చే ఈ కంపెనీని పిరమల్ గ్రూప్ తీసుకుంది. 2021 జూన్ 7న ట్రిబ్యునల్ ఆమోదం వచ్చింది. ఆ వార్త విని చిన్న మదుపరులు షేరు కొన్నారు, ధర పెరిగింది కూడా. వారం తిరిగేసరికి, జూన్ 14న ట్రేడింగ్ ఆపేశారు. ప్లాన్‌లో పాత షేర్లకు పెట్టిన విలువ సున్నా. కంపెనీ పిరమల్ చేతిలో కొనసాగింది, పాత షేరుదారులకు మాత్రం ఏమీ మిగల్లేదు.

దీనికి బదులుగా కొందరు రుచి సోయా పేరు చెబుతారు. పతంజలి కొన్న ఆ కంపెనీ షేరు 2020 జనవరిలో మళ్లీ మార్కెట్లోకి వచ్చింది. సుమారు 17 రూపాయల నుంచి జూన్ చివరికల్లా 1,500 దాటింది. ఇది నిజమే. కానీ అంతకుముందు జరిగింది చాలామంది చెప్పరు. పాత షేర్లు 100 ఉంటే 1కి తగ్గించారు. మూడు రూపాయల చిల్లర ఉన్న షేర్లు వంద ఉన్నవాడికి, అంటే మూడు వందల పైచిలుకు విలువ ఉన్నవాడికి, మళ్లీ తెరిచిన రోజు చేతిలో ఉన్నది 17 రూపాయల షేరు ఒక్కటి. పైగా జనం చేతిలో మిగిలిన వాటా సుమారు ఒక్క శాతమే. అమ్మేవాళ్లు లేనప్పుడు ధర అలా ఎగబాకుతుంది. ఇలాంటి ఒక్క ఉదాహరణ చూసి ఇంటి పైసలు పెట్టడం సరైన లెక్క కాదు.

‘ఇంకా ఎంత పడుతుంది? కొని యావరేజ్ చేద్దాం’

మూడో మాట ఇది. దీనివల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది. మండి బజార్‌లో దుకాణం నడిపే ఒక కుటుంబం 20 రూపాయల చొప్పున 1,000 షేర్లు కొన్నది అనుకుందాం. 20 వేలు పెట్టారు. ధర 5 రూపాయలకు వచ్చింది. ఇంకో 10 వేలు పెట్టి 2,000 షేర్లు కొన్నారు. ఇప్పుడు యావరేజ్ 10 రూపాయలు. కాగితం మీద చూస్తే మనసు కుదుటపడుతుంది. కానీ అసలు వెనక్కి రావాలంటే కూడా షేరు 5 నుంచి 10కి, అంటే రెట్టింపు కావాలి. షేరు సున్నా అయితే మాత్రం 20 వేల నష్టం కాస్తా 30 వేల నష్టం అవుతుంది.

రెండు రూపాయల షేరు సున్నా అయినా, రెండు వందల షేరు సున్నా అయినా, పెట్టిన పైసలు మొత్తం పోవడం ఒకటే. ఒక్కో షేరు ధర తక్కువగా ఉందని కంపెనీ చవకగా దొరుకుతోందని అనుకోకూడదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇలాంటి షేర్లను ఎక్స్ఛేంజీలు ప్రత్యేక నిఘాలో పెడతాయి. రోజుకు 5 శాతం మించి ధర కదలనివ్వకుండా ఆపడం అందులో ఒకటి. చెడ్డ వార్త వచ్చిన రోజు అందరూ అమ్మడానికే నిలబడతారు, కొనేవాడు ఉండడు. అమ్ముదామన్నా షేరు పోదు.

హలాల్ కోణంలో చూస్తే

ముస్లిం కుటుంబాలకు ఇక్కడ ఇంకో లెక్క కూడా ఉంది. షేరు హలాలా కాదా అని చూసే సంస్థలు కంపెనీ వ్యాపారంతో పాటు దాని సూద్ అప్పు ఎంతుందో కూడా చూస్తాయి. లెక్క కట్టే పద్ధతిని బట్టి ఆ అప్పు 30 లేదా 33 శాతం దాటకూడదు. కొన్ని సంస్థలు దాన్ని కంపెనీ ఆస్తితో పోలుస్తాయి, కొన్ని మార్కెట్ విలువతో పోలుస్తాయి. మన దేశంలో నిఫ్టీ 50 షరియా, నిఫ్టీ 500 షరియా ఇండెక్స్‌లు ఉన్నాయి.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, కంపెనీ కష్టాల్లో పడితే షేరు ధర, దానితో పాటు మార్కెట్ విలువ పడిపోతాయి. అప్పు మాత్రం అలాగే ఉంటుంది. అంటే శాతం దానంతటదే పెరుగుతుంది. మూడేళ్ల కింద ‘హలాల్ లిస్టు’లో ఉన్న షేరు ఈరోజు అందులో ఉండకపోవచ్చు. ఒకసారి అడిగి తెలుసుకున్నాం కదా అని వదిలేయకుండా ప్రతి ఏడాదీ చూసుకోవాలి. సందేహం ఉంటే నమ్మకమైన ముఫ్తీ సాబ్‌ను అడగాలి. దీన్ కోసం పెట్టుకున్న ఈ నియమం దునియా లెక్కలోనూ పనికొస్తుంది. అప్పులో మునిగే కంపెనీని అది ముందే పట్టిస్తుంది.

కొనే ముందు, ఉంచుకునే ముందు చూడాల్సినవి

కంపెనీ పేరు పక్కన దివాలా ప్రక్రియ హెచ్చరిక ఉందేమో బీఎస్‌ఈ, ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్లలో చూడండి. యజమానులు తమ షేర్లను ఎంత శాతం తాకట్టు పెట్టారో అక్కడే ఉంటుంది. రిజల్యూషన్ ప్లాన్ ఆమోదం పొందితే, కొన్నవాడి పేరు చదివి ఆగిపోకండి. పాత షేరుదారులకు ఏం ఇస్తున్నారో రాసిన పేరా వెతకండి. అసలు తీర్పు అక్కడే ఉంటుంది.

ఇప్పటికే చేతిలో షేర్లు ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ట్రేడింగ్ నడుస్తుండగా నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని గడువులోగా రిటర్న్‌లో చూపించి, 8 ఏళ్ల దాకా ఇతర షేర్ల లాభంతో సరిపెట్టుకోవచ్చు. ఏడాది దాటి ఉంచుకున్న షేర్ల నష్టం అదే రకం లాభంతోనే సరిపోతుంది. ట్రేడింగ్ ఆగిపోయాక ఈ దారి కష్టమవుతుంది.

బిడ్డ పెళ్లికి, హజ్‌కు, పిల్లల ఫీజులకు దాచిన పైసలు ఇలాంటి షేర్లలో పెట్టేవి కావు. ఫ్యాక్టరీ తెరుచుకోవాలని, మన పిల్లలకు పని దొరకాలని కోరుకోవడం మంచిదే. ఆ కోరికతో షేరు కొంటే మాత్రం, పంపకం రోజున నిలబడేది ఎనిమిదో వరుసలోనే.