నొప్పి లేని పుండుకు కొలబద్ద ఏది?

కుష్ఠువ్యాధి ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయినదని భారత ప్రభుత్వం 2005 డిసెంబరులో లెక్క తేల్చింది. పదివేల జనాభాకు ఒక రోగి కన్న తక్కువ, అదీ ఆ లెక్క. మందుల గడువు పూర్తిచేసినవారు రోగుల జాబితానుండి తొలగిపోతారు. స్పర్శ కోల్పోయిన పాదానికి ఆ జాబితాతో పని లేదు. రాయి గుచ్చుకున్నా, చెప్పు ఒరుసుకున్నా తెలియదు. అరికాలి పుండు మాని మళ్ళీ రేగుతుంది, ఏళ్ళ తరబడి.

రాజధానిలోని తాహిర్‌పూర్ కాలనీలలోనే ఇట్టివారున్నారు. వారి బ్రతుకెట్లున్నదో కొలిచే సాధనాలు లేకపోలేదు. 1994లో ఫిన్లే, ఖాన్ అనేవారు రూపొందించిన చర్మవ్యాధుల సూచికలో పది ప్రశ్నలు, 30 మార్కులు. మొదటి ప్రశ్నే దురద, నొప్పి గురించి. నొప్పి తెలియకపోవడమే ఈ పుండుకు మూలం గదా! రోగి లేదంటాడు, సున్న పడుతుంది. ఆ సూచికలో సున్న అంటే సుఖం. ఆటలకు ఆటంకమైనదా అని మరొక ప్రశ్న! ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి 26 ప్రశ్నల పత్రం కొంత నయం. దాని రూపకల్పనలో ఢిల్లీ, మద్రాసు కేంద్రాలకూ పాలున్నది. డబ్బు, ఇల్లు, స్నేహితుల ఆదరణ అది అడుగుతుంది.

పార్లమెంటు ఊరకుండలేదు. 1898 నాటి కుష్ఠురోగుల చట్టం 2016లో రద్దయింది. విడాకులకు ఈ వ్యాధి కారణం కారాదని 2019లో శాసించారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం నయమైనవారిని చేర్చుకున్నది గాని, రిజర్వేషన్లకు 40 శాతం వైకల్యం చూపాలి. ఆ శాతం దేహానికి కట్టేది. వాసనకు జంకి పెళ్ళిళ్ళకు పోనివాని దుఃఖం అందులో ఇమడదు. ప్రభుత్వం ఉచితంగా మెత్తని రబ్బరు చెప్పులిచ్చే రోజుననైనా ఆ పత్రంలోని నాలుగు ప్రశ్నలడిగి వ్రాసుకుంటే ఖజానాకు పెద్ద భారం కాదు.