మొగలేటికి చోటేదీ?

చిన్నతనంలో మా అవ్వతో తొండవాడ ముక్కోటి తిరునాళ్లకు వెళ్లేవాణ్ణి. దాహమన్నానంటే అవ్వ స్వర్ణముఖి ఇసుకలో కూర్చుని చేత్తోనే చెలమ తీసేది. మొదట వూరిన బురదనీళ్లు తోడి పారబోసి, "రవంత వోర్చుకో నాయనా, తేరుకోనీ" అనేది. కాస్సేపటికి తేటనీరు వూరేది.

మొన్న మా అబ్బాయి కూడా ఏట్లో ఒకచోట చెలమ తీయబోయాడు. జానెడు లోతుకే గట్టిమట్టి తగిలింది!

ఏటికి ఇసుక గాదెవంటిది. వాననీటిని లోపల దాచి, వొడ్డునున్న బావులకు ఏడాది పొడుగునా కొలిచి యిస్తుంది. గాదె ఖాళీ చేసి గింజలేవీ అంటే ఎక్కణ్ణించి వస్తాయి?

యెండిన ఏరే గదా అని మనం దాని గట్లమీద కూడా ఇళ్లు కట్టుకున్నాం. 2021 నవంబరు వానలకు ఏరు తన చోటు తాను అడిగింది. తిరుచానూరు దగ్గర వొడ్డునున్న ఇల్లు వరదలోకి ఒరిగిపోయింది. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని దిగువ పల్లెలవారు ఇళ్లు విడిచి వెళ్లారు. తిరుపతి వీధులు కాలువలైనాయి.

పెద్దలు చెరువులను గొలుసుగా కట్టారు. పై చెరువు నిండితే మొరవ పారి కింది చెరువుకు, చివరకు ఏటికి నీరు చేరేది. ఆ కాలువ పూడ్చి ఇల్లు కడితే, నీరు ఇంట్లోకి రాక యేం చేస్తుంది?

ఇప్పుడు నదికి అందం తేవాలంటే అందరికీ సిమెంటు గోడే తోస్తుంది. సింగపూరువారు తోటమధ్య పారే కల్లాంగ్ నదికి వున్న సిమెంటు కాలువను పగలగొట్టించి, 2012 నాటికి గడ్డిగట్లతో వంపులు తిరిగే ఏరుగా మార్చారు. మామూలు రోజుల్లో అక్కడ పిల్లలు ఆడుకుంటారు. వరదవస్తే ఆ మైదానమే నీటిని పట్టుకుంటుంది.

మనకూ అదే దారి. మొరవకాలువలు తెరవాలి. వొడ్డున గోడకు బదులు కానుగ, మద్ది, వెదురు పెంచాలి. పల్లపు నేలను ఆటస్థలంగా వదలాలి. ఇసుక ముట్టరాదు. స్వర్ణముఖికి పాత తెలుగు పేరు మొగలేరు. ఆ మాట వింటేనే గట్టును వేళ్లతో పట్టి నిలిపే మొగలిపొదలు కంటికి కడతాయి.

"నాన్నా, ఇసుక మళ్లీ ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు మా అబ్బాయి.

"రవంత వోర్చుకో నాయనా" అనటానికి నాకు నోరు రాలేదు.