జహీరాబాదులో జపాను బండి

బొంరాస్‌పేట చుట్టుప్రక్కల గ్రామములలో కందుల బస్తాలు తాండూరు మార్కెట్టుకు తోలవలెనన్నను, తాండూరు నుండి ఇంటికట్టుబడికి షాబాదు బండలు తెచ్చుకొనవలెనన్నను, పెండ్లి సామాను తరలించవలెనన్నను “డీసీఎం మాట్లాడుకొని రండి” అందురు. ఆ చిన్న లారీని ఏ కంపెనీవారు చేసినను దాని పేరు డీసీఎమ్మే. ఈ పేరు ఎక్కడిదో ఎరిగినవారు కొద్దిమంది. డీసీఎం అనగా ఢిల్లీ క్లాత్ మిల్స్. బట్టల మిల్లు పేరు లారీకి ఎట్లు వచ్చినది? 1980లలో ఆ సంస్థ జపానులోని టొయోటా కంపెనీతో పొత్తు కలిపి చిన్న లారీలను తయారుచేసెను. ఆ పొత్తు 1990లలో ముగిసినది. పేరు మాత్రము మన నోళ్ళలో నిలిచిపోయినది.

ఆ దశాబ్దములోనే అటువంటి మరియొక జపాను లారీ మన ముంగిట్లోనే తయారైనది. తాండూరుకు ఉత్తరమున, హైదరాబాదు–ముంబయి రహదారిపై నున్న జహీరాబాదులో, నిస్సాన్ కంపెనీవారి నమూనా ననుసరించి “ఆల్విన్ నిస్సాన్” బండ్లు తయారుచేసిరి. ఈ నిస్సాన్ వారెవరు? వారి బండి మన ఊరికి ఎట్లు వచ్చినది? మంచి బండి అని పేరు పొందినను ఎందుకు నిలువలేకపోయినది? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినచో, బండిని కొనువారు దానిని మంచిదనియో చెడ్డదనియో దేనిని బట్టి నిర్ణయింతురో కూడ తెలియును.

పోతపనితో మొదలు

1911లో మసుజిరో హషిమోటో అను ఇంజనీరు టోక్యోలో ఒక చిన్న మోటారు కర్మాగారమును నెలకొల్పెను. అతనికి ధనసహాయము చేసినవారు ముగ్గురు: డెన్, అయోయామా, టకెయూచి. 1914లో తయారైన కారుకు ఆ ముగ్గురి పేర్లలోని మొదటి అక్షరములను చేర్చి “డాట్” అని పేరు పెట్టిరి. తరువాత 1931లో ఒక చిన్న కారు వెలువడగా, డాట్ కారుకు కొడుకు వంటిదను భావముతో ఇంగ్లీషులో కొడుకునకు గల మాటను చేర్చి “డాట్సన్” అనిరి. అయితే జపాను భాషలో “సోన్” అనగా నష్టము. వ్యాపారమునకు నష్టమను మాట అచ్చిరాదని తలచి, 1932లో ఆ చివరి అక్షరములను మార్చి, సూర్యుడు అను అర్థము వచ్చు ఇంగ్లీషు మాటను ఉంచిరి. చెవికి రెండును ఇంచుమించు ఒకటే.

ఈ డాట్సన్ కారును పెద్ద ఎత్తున తయారుచేసినవాడు యోషిసుకే ఐకావా. ఇతడు యువకుడుగా ఉన్నప్పుడు అమెరికాకు పోయి, అక్కడి పోత కర్మాగారములలో కూలివానిగా పనిచేసి, పెళుసుగా విరిగిపోని పోత ఇనుమును తయారుచేయు విద్యను నేర్చుకొనెను. స్వదేశమునకు తిరిగివచ్చి 1910లో టొబాటాలో పోత కర్మాగారమును స్థాపించెను. 1933 డిసెంబరులో యొకొహామాలో మోటారు కంపెనీని ప్రారంభించెను. 1934లో దానికి నిస్సాన్ అను పేరు వచ్చెను. “నిహోన్ సంగ్యో”, అనగా జపాను పరిశ్రమలు, అను మాటకు ఇది సంక్షేపము.

ఇందు గమనింపదగిన సంగతి ఒకటి కలదు. ఐకావా ముందుగా పోతపనిని పట్టుకొనెను; కారు తరువాత వచ్చినది. ఒక మోటారు బండిలో వేలకొలది భాగములుండును. వానిని చేయు పోతశాలలు, గేరు చక్రములను కోయు యంత్రములు, మర బిగింపు ఎరిగిన పనివారు దేశములో లేనిదే, పైకి ఎంత అందమైన బండి చేసినను అది పరాయి సొమ్మే అగును.

ఆస్టిన్ నేర్పిన పాఠము

యుద్ధానంతరము జపాను పరిశ్రమ వెనుకబడి ఉండెను. 1952లో నిస్సాన్ వారు ఇంగ్లండులోని ఆస్టిన్ కంపెనీతో ఒడంబడిక చేసుకొనిరి. మొదట ఇంగ్లండు నుండి విడిభాగములు ఓడలో వచ్చెడివి, జపానులో బిగించెడివారు. తరువాత ఒక్కొక్క భాగమును తామే చేసికొనుచు పోయి, 1956 నాటికి ఆస్టిన్ కారును పూర్తిగా జపానులో చేసిన భాగములతోనే తయారుచేయగలిగిరి.

ఈ పనిలోని కష్టము బయటికి కనబడదు. ఇంజనులో సిలిండరు గోడకు, అందులో ఆడు పిస్టనుకు నడుమ నుండు సందు తలవెంట్రుక మందమునకు మించదు. ఆ సందు ఎక్కువైనచో వాయువు జారి బలము తగ్గును, నూనె మండిపోవును. తక్కువైనచో వేడికి పిస్టను ఉబ్బి గోడకు పట్టుకొనును. ఒక్క పిస్టనును సరిగా అరగదీయుట నేర్పుగల పనివానికి సాధ్యమే. పదివేల పిస్టనులలో ఏది తీసి ఏ సిలిండరులో పెట్టినను సరిపోవునట్లు చేయుటయే పరిశ్రమ. ఇందులకు ప్రతి భాగమును కొలుచుట చాలదు. తయారగుచున్న భాగముల కొలతలు ఏ వైపునకు జారుచున్నవో లెక్కగట్టి, తప్పు జరుగక మునుపే యంత్రమును సవరింపవలెను. గణాంకశాస్త్రము నాధారము చేసికొన్న ఈ పద్ధతిని అమెరికా శాస్త్రజ్ఞుడు డెమింగ్ 1950లో జపానులో బోధించెను. అతని పేరిట ఏర్పడిన బహుమానమును 1960లో నిస్సాన్ పొందెను.

అప్పటికే నిస్సాన్ బండ్లు పరదేశములకు పోవ నారంభించినవి. మన దేశమునకు ఆ కంపెనీ పేరు మొదట సైన్యము ద్వారా తెలిసినది. నిస్సాన్ వారి పెట్రోల్ అను జీపు నమూనాను బట్టి జబల్‌పూరులోని ప్రభుత్వ కర్మాగారము “జోంగా” బండ్లను తయారుచేసెను. సైన్యములో పనిచేసి వచ్చిన మన ప్రాంతపు వారిలో జోంగాను ఎరుగనివారు అరుదు.

ఆల్విన్ వారి సాహసము

హైదరాబాదు ఆల్విన్ 1942లో నిజాము ప్రభుత్వమునకు, అల్లాదీన్ అండ్ కంపెనీకి కలిగిన పొత్తుతో పుట్టినది. బస్సుల పైకట్టు, ఇనుప బీరువాలు, శీతల పెట్టెలు, తరువాత జపాను సీకో వారి సహాయముతో చేతి గడియారములు అది తయారుచేసెను. మన ఇండ్లలో ఇంకను అక్కడక్కడ ఆల్విన్ బీరువా కానవచ్చును. 1980లలో ప్రభుత్వము చిన్న లారీల పరిశ్రమను జపాను సహకారమునకు తెరువగా, నాలుగు పొత్తులు ఏర్పడెను: ఉత్తర ప్రదేశ్‌లో డీసీఎం టొయోటా, పంజాబులో స్వరాజ్ మాజ్దా, మధ్య ప్రదేశ్‌లో ఐషర్ మిత్సుబిషి, మన జహీరాబాదులో ఆల్విన్ నిస్సాన్.

ఆల్విన్ వారు తీసికొన్న నమూనా నిస్సాన్ క్యాబ్‌స్టార్. ఇది ముక్కు లేని బండి. పాత లారీలకు ఇంజను ముందు, డ్రైవరు వెనుక నుండెడివి. ఇందులో డ్రైవరు ముందుచక్రముల మీదనే, ఇంజనుకు పైన కూర్చొనును. అందువలన బండి పొడవు పెరుగకుండనే సరుకుపెట్టె పొడవగును. ముందు వెనుక చక్రముల నడుమ దూరము తక్కువగుటచే ఇరుకు సందులలో తేలికగా మలుగును. తాండూరులోని బండల పాలిషింగు షెడ్ల నడుమ లారీని త్రిప్పినవారికి ఈ సౌకర్యము విలువ తెలియును. ఇంజను డీజిలుది. గాలిని సుమారు ఇరువదవ వంతునకు అదిమినచో అది మిక్కిలి వేడెక్కును; ఆ వేడికే డీజిలు అంటుకొనును. నిప్పురవ్వ పుట్టించు ప్లగ్గు అక్కరలేదు. ఇట్లు ఎక్కువగా అదుముటచేతనే డీజిలు ఇంజను పెట్రోలు ఇంజను కంటె తక్కువ నూనెతో ఎక్కువ పని చేయును.

యజమాని లెక్క

అట్టి జపాను లారీలను గూర్చి నడిపినవారు మెచ్చుకొనిన సంగతులు మూడు: స్టీరింగు తేలిక, చప్పుడు తక్కువ, డీజిలు పొదుపు. చెప్పుకొనిన కొరతలు రెండు: విడిభాగములు ఖరీదు, అధిక బరువునకు ఓర్వవు. ఈ రెండవది బండి దోషమని చెప్పుటకు వీలులేదు. చక్రముల ఇరుసు, కమాను పట్టీలు ఒక నిర్ణీత బరువునకు లెక్కగట్టి చేసినవి. రాళ్ళ లోడు అంతకు మించి వేసినప్పుడు ఉక్కు ఆనాడే విరుగదు. గతుకు గతుకుకు వంగి లేచుచు, కంటికి కనబడని పగులు నెమ్మదిగా పాకి, ఒకనాడు మామూలు బరువుకే తెగును. దీనినే లోహపు అలసట అందురు.

మొదటి కొరత మరింత బరువైనది. ఒక లెక్క వేసి చూతము. రెండు బండ్లు నెలకు 3,000 కిలోమీటర్లు తిరుగుననుకొందము. ఒకటి లీటరుకు 10 కిలోమీటర్లు, రెండవది 8 కిలోమీటర్లు ఇచ్చును. మొదటి దానికి 300 లీటర్లు, రెండవదానికి 375 లీటర్లు పట్టును. నెలకు 75 లీటర్ల ఆదా. కిరాయిలో మిగులు రోజుకు 40 లీటర్ల డీజిలు ధరకు సమానమనుకొందము. ఒక గ్యాస్కెట్టు కొరకో క్లచ్చి ప్లేటు కొరకో హైదరాబాదుకు మనిషిని పంపి బండి రెండు దినములు షెడ్డులో నిలిచినచో 80 లీటర్ల నష్టము. నెలంతటి పొదుపు ఆ రెండు దినములలో పోయినది. కిస్తీ మాత్రము ఆగదు. కనుక యజమాని “మైలేజీ ఎంత?” అని అడిగిన వెంటనే “సామాను పరిగిలో దొరకునా?” అని అడుగును.

యెన్ పెరిగిన కథ

ఆల్విన్ వారును నిస్సాన్ ఆస్టిన్ విషయమున చేసినట్లే క్రమక్రమముగా భాగములను ఇక్కడనే చేయింప తలచిరి. కాని కాలము కలిసిరాలేదు. 1985 సెప్టెంబరులో న్యూయార్కులోని ప్లాజా హోటలులో ఐదు సంపన్న దేశములు సమావేశమై డాలరు విలువను తగ్గించుటకు ఒప్పుకొన్నవి. యెన్ విలువ చరచర పెరిగెను. 1985లో సగటున ఒక రూపాయికి సుమారు 19 యెన్‌లు వచ్చెడివి. 1988 నాటికి సుమారు 9 మాత్రమే. అనగా జపానులో 1,000 యెన్‌ల ధరగల భాగము మనకు మొదట 52 రూపాయలకు వచ్చెడిది. మూడేండ్లలో అదే భాగము 110 రూపాయలకు దగ్గరయ్యెను. జపానులో దాని ధర ఒక్క యెన్ కూడ పెరుగనక్కరలేదు.

భాగములను ఇక్కడనే చేయింతమన్నచో, అచ్చులకు, యంత్రములకు పెట్టిన పెట్టుబడి వేలకొలది బండ్లపై పంచినగాని గిట్టుబాటు కాదు. ఉన్న గిరాకీని నాలుగు జపాను పొత్తులు పంచుకొనుచుండగా 1986లో టాటా వారు 407 అను చిన్న లారీని వెలువరించిరి. అది ఈ దేశములోనే రూపొందినది. దాని భాగములు ఊరూర దొరకెను. దానిని విప్పి బిగించుట టాటా లారీలపై చేయి తిరిగిన ప్రతి మెకానిక్కునకు సులభమయ్యెను.

1980ల చివర మహీంద్రా సంస్థ జహీరాబాదు కర్మాగారమును చేపట్టెను. కొంతకాలము “మహీంద్రా నిస్సాన్ ఆల్విన్” అను పేరు నడిచి, 1990లలో అది మహీంద్రాలో కలిసిపోయెను. కాని నిస్సాన్ నమూనా వృథా కాలేదు. మహీంద్రా లోడ్‌కింగ్ బండ్లు ఆ పునాదిపైననే వచ్చినవి. మహీంద్రా వారు ఆ జహీరాబాదులోనే తరువాత ట్రాక్టరు కర్మాగారమును కూడ నెలకొల్పిరి. ఆనాడు జపాను కొలతలతో పని నేర్చిన చేతులు పనిలేక పోలేదు.

మరల వచ్చిన నిస్సాన్

1999లో ఫ్రాన్సు దేశపు రెనో కంపెనీ నిస్సాన్‌లో వాటా కొనెను. ఈ రెండును కలిసి 2010లో చెన్నై సమీపమున ఒరగడంలో కర్మాగారమును తెరచినవి. మైక్రా, సన్నీ కార్లు అక్కడినుండి వచ్చినవి. సన్నీలో వెనుక సీటున కాళ్ళు చాపుకొను చోటు గలదని యజమానులు మెచ్చుకొనిరి. 2014లో పాత డాట్సన్ పేరును తిరిగి తెచ్చి “గో” అను చౌక కారును అమ్మిరి. ఆ సంవత్సరమే ఒక అంతర్జాతీయ సంస్థ జరిపిన ఢీకొను పరీక్షలో దానికి సున్న నక్షత్రములు వచ్చెను. 2022లో డాట్సన్ పేరు మన దేశమున మరల అస్తమించెను. 2020 డిసెంబరులో వచ్చిన మాగ్నైట్ కంపెనీకి కొంత ఊపిరి పోసినది. 2025లో ఒరగడం కర్మాగారములోని తన వాటాను రెనోకు అప్పగించుటకు నిస్సాన్ ఒప్పుకొన్నది.

ఒక కంపెనీ నమూనాలను మానుచు, పేర్లను మార్చుచు, వాటాలు అమ్ముచున్నప్పుడు, కొన్నవారి మనసులో మెదలునది జహీరాబాదు నాటి ప్రశ్నయే: పదేండ్ల తరువాత ఈ బండికి సామాను ఎవరిత్తురు?

కనుక పాత బండిని గాని క్రొత్త బండిని గాని కొనదలచినవారు షోరూములో అడుగు ప్రశ్నలకు తోడు, తమ ఊరి మెకానిక్కును నాలుగు ప్రశ్నలు అడుగుట మంచిది. ఈ బండిని ఇంతకు ముందు విప్పి చూచినావా? బ్రేకు షూలు, క్లచ్చి ప్లేటు, ఫిల్టర్లు ఎంత దూరములో దొరకును? వేరు కంపెనీవారు చేసిన భాగములు దీనికి సరిపోవునా? ఈ నమూనాను ఇంకను చేయుచున్నారా, మానినారా? అతడు చెప్పు సమాధానములలో పోతశాల నుండి యెన్ ధర వరకు గల కథయంతయు ఇమిడియుండును. కందుల బస్తాలతో తాండూరు మార్కెట్టుకు పోవు బండిని ఇకముందు మీరు డీసీఎం అని పిలిచినప్పుడు, ఒకసారి దాని ముఖముపై నున్న కంపెనీ గుర్తును కూడ చూడుడు.