ఇల్లందు ఎండల్లో ఎల్‌బ్రస్ మంచుకు సన్నాహం

రష్యా దక్షిణపు అంచున, కాకసస్ పర్వతాల్లో ఉన్న ఎల్‌బ్రస్ నిద్రాణమైన అగ్నిపర్వతం. సుమారు రెండు వేల ఏళ్ల కిందట చివరిసారి బద్దలైంది. ఇప్పుడు పైభాగమంతా హిమానీనదాలే. రెండు శిఖరాల్లో పడమటిది 5,642 మీటర్లు, తూర్పుది 5,621 మీటర్లు. దక్షిణం వైపు దారిలో నిటారు రాతిగోడలేవీ ఎక్కనక్కర్లేదు. పొడవాటి మంచు వాలు మీద గంటల తరబడి నడవాలి, అంతే. అందుకే మంచు కొండలకు కొత్తవాళ్లు గైడ్ వెంట వెళ్లడానికి అనువైనదని దీనికి పేరు. జూలై, ఆగస్టు నెలలు ఎక్కడానికి మంచి కాలం.

అయితే ఈ సులువే మనిషిని తప్పుదారి పట్టిస్తుంది. కింద అజావు నుంచి రోప్‌వే ఎక్కితే 3,847 మీటర్ల ఎత్తున ఉన్న గరబాషికి నిమిషాల్లో చేరుకోవచ్చు. అక్కడి నుంచి స్నోక్యాట్ అనే మంచు బండి ఇంకా పైకి, పస్తుఖోవ్ రాళ్ల దాకా తీసుకెళ్తుంది. బండి ఎంత పైకి మోసినా ఊపిరితిత్తులు, గుండె, కాళ్లు మాత్రం ఎవరివి వాళ్లే మోసుకెళ్లాలి. గైడ్ దారి చూపుతాడు, తాడు కడతాడు, వాతావరణం పసిగడతాడు. ఒంట్లో లేని శక్తిని అతనూ తెచ్చి పెట్టలేడు. కాబట్టి అసలు పని ఇంటి దగ్గరే, కొన్ని నెలల ముందే మొదలుకావాలి.

మంచు ఎరగని ఊళ్ల నుంచి మంచు కొండలకు దారి ఉందని ఒకప్పటి ఖమ్మం జిల్లా ఇదివరకే చూపింది. చర్ల మండలానికి చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ అన్నపురెడ్డిపల్లి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణతో కలిసి 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కాడు. ఆ ఘనత వెనక ఉన్న క్రమమే ఇక్కడ ముఖ్యం. గురుకులాల నుంచి ఎంపికైన వందకు పైగా పిల్లలకు మొదట భువనగిరి బండ మీద శిక్షణ ఇచ్చారు. వాళ్లలో రాటుదేలినవాళ్లను డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు, ఆ తర్వాత లడఖ్ చలికి పంపారు. అన్నీ దాటి ఎవరెస్ట్‌కు మిగిలింది ఇద్దరే. పూర్ణ తర్వాత ఎల్‌బ్రస్‌తో సహా ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలనూ పూర్తి చేసింది. ఎల్‌బ్రస్‌కు వెళ్లదలచినవాళ్లకు అంత కఠోర శిక్షణ అక్కర్లేదు గానీ, ముందు రాయి, తర్వాత మంచు, ఆ తర్వాత ఎత్తు అనే వరస మాత్రం అదే.

అదే పాత ఖమ్మం జిల్లాలోని ఇల్లందులో ఉండేవాళ్లు కనీసం ఆరు నెలల ముందు నుంచి ఒంటిని సిద్ధం చేసుకోవడం మంచిది. మైదానంలో వేగంగా పరుగెత్తడం కంటే బరువుతో ఎత్తు ఎక్కడం ఎక్కువ ఉపయోగం. వీపు సంచిలో నాలుగైదు కిలోల ఇసుకతో మొదలుపెట్టి, వారాల మీద పన్నెండు కిలోల దాకా పెంచుతూ మెట్లు, గుట్టలు ఎక్కాలి. వారానికోసారి నాలుగైదు గంటల సుదీర్ఘ నడక ఉండాలి. భువనగిరి బండ సుమారు 500 అడుగులు ఉంటుంది. దాన్ని ఒక్క రోజులో ఆరుసార్లు ఎక్కి దిగితే దాదాపు 900 మీటర్లు ఎక్కినట్టు. పస్తుఖోవ్ రాళ్ల నుంచి శిఖరానికి ఉన్న ఎత్తూ దాదాపు అంతే. దిగడాన్ని కూడా సాధనలో భాగంగానే చూడాలి. తొడ కండరాలు సాధారణంగా పట్టేసేది దిగేటప్పుడే. ఈ ప్రాంతంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటవచ్చు కనుక సాధన తెల్లవారుజామునే ముగించాలి. వడదెబ్బ తిని మంచం పడితే వారాల శ్రమ వృథా అవుతుంది.

బయల్దేరే ముందు వైద్య పరీక్షలు తప్పనిసరి. ఈ ఏజెన్సీ ప్రాంతంలో మరీ ముఖ్యమైనది సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తలోపానికి చేసే పరీక్ష. ఆ లక్షణం ఉన్న కొందరికి కింద ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ తెలియదు. ఆక్సిజన్ తగ్గే ఎత్తుల్లో మాత్రం ప్లీహానికి రక్తప్రసరణ ఆగిపోయే ప్రమాదం ఉంది. గిరిజన కుటుంబాల పిల్లలను కొండలకు పంపేవాళ్లు ఈ ఒక్క పరీక్షను ఎన్నడూ దాటవేయకూడదు.

మంచు మీద నడకకు బూట్ల కింద ఇనుప కోరలు బిగిస్తారు. వీటిని క్రాంపాన్లు అంటారు. కాళ్లు కాస్త ఎడంగా వేయకపోతే ఒక కాలి కోర రెండో కాలి ప్యాంటుకు తగిలి మనిషి పడిపోతాడు. పడితే ఆపేది చేతిలోని మంచు గొడ్డలి, అంటే ఐస్ యాక్స్. జారుతున్న మనిషి ఒక చేత్తో దాని తలను, రెండో చేత్తో కర్ర చివరను పట్టుకుని బోర్లా తిరగాలి. మొనను భుజం పక్కన మంచులో దించి, ఛాతీ బరువంతా దాని మీద మోపాలి. క్రాంపాన్లు తొడుక్కుని ఉంటే మోకాళ్లు వంచి పాదాలు పైకెత్తి ఉంచాలి. కోరలు మంచుకు తగిలితే మనిషి వెల్లకిలా పల్టీ కొడతాడు. ఇదంతా రెండు మూడు క్షణాల్లో జరిగిపోవాలి. చదివితే వచ్చే విద్య కాదు, సురక్షితమైన వాలు మీద పదేపదే జారి నేర్చుకోవాలి. గైడ్ ఒక రోజంతా దీనికే కేటాయిస్తాడా లేదా అని డబ్బు కట్టేముందే అడిగి తెలుసుకోవాలి. ఇంకా గట్టి పునాది కావాలనుకునేవాళ్లకు డార్జిలింగ్, ఉత్తరకాశీ, మనాలి సంస్థల్లో సుమారు నాలుగు వారాల ప్రాథమిక కోర్సులున్నాయి.

శిఖరం దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానికి దాదాపు సగం. పీల్చే ప్రతి శ్వాసలో ఆక్సిజన్ కూడా సగమే. ఎండలో ఎంత సాధన చేసినా దీనికి విరుగుడు కాదు. శరీరం అలవాటు పడటానికి రోజులు ఇవ్వాల్సిందే. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటును రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకూడదు. మొదట ఎదురుగా ఉన్న చెగెట్ కొండ ఎక్కి కిందికొచ్చి పడుకోవడం, తర్వాత పస్తుఖోవ్ దాకా వెళ్లి గరబాషికి దిగడం ఇందుకే. తలనొప్పి, వికారం మొదలైతే ఇంకా పైకి పోకూడదు. తిన్నగా నడవలేక తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా అది ప్రాణాపాయం. తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే కిందికి దించాలి. ఎత్తు జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి.

రెండు పొరల బూట్లు, తాడు తగిలించే నడుము పట్టీ (హార్నెస్), ఐస్ యాక్స్ లాంటివి అక్కడే అద్దెకు దొరుకుతాయి. బట్టల్లో కాటన్ అసలు పనికిరాదు, చెమటకు తడిసి ఒంటిని గడ్డకట్టిస్తుంది. ముదురు రంగు మంచు కళ్లద్దాలు లేకుండా కొన్ని గంటలు నడిస్తే కళ్లు తాత్కాలికంగా కనిపించకుండా పోతాయి. వేడినీళ్ల ఫ్లాస్కు, ఖర్జూరాలు, పల్లీ చిక్కీ జేబుకు దగ్గరగా ఉండాలి. ఆకలి చచ్చిపోయే ఎత్తులో నోటికి అలవాటైన తిండే లోపలికి దిగుతుంది.

శిఖరానికి అర్ధరాత్రి దాటాక బయల్దేరతారు. మధ్యాహ్నానికి ఎక్కడున్నా వెనుదిరగాలని సమయం ముందే నిర్ణయించుకుంటారు. ఎల్‌బ్రస్ మీద మేఘం కమ్మితే దారి, వాలు, ఆకాశం అంతా ఒకే తెలుపు అయిపోతుంది. 2021 సెప్టెంబరులో గైడ్లతో వెళ్లిన బృందమే తుపానులో చిక్కుకుని ఐదుగురిని పోగొట్టుకుంది. 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన నెల్లూరు జిల్లా వీరుడు మల్లి మస్తాన్ బాబు సైతం 2015లో ఆండీస్‌లో ట్రెస్ క్రూసెస్ అనే అగ్నిపర్వతం మీద ఒంటరిగా ఉండగా కన్నుమూశాడు. కాబట్టి ప్రయాణం టికెట్లలో వాతావరణం కోసం కనీసం రెండు రోజులు అదనంగా ఉంచుకోవాలి. ఆ ఎత్తు నుంచి రక్షించి దించే ఖర్చు బీమాలో ఉందో లేదో చూసుకోవాలి. గైడ్ వెనక్కి అంటే వాదించకుండా తిరగాలి. దిగేటప్పుడు మధ్యాహ్నపు ఎండకు మెత్తబడిన మంచు క్రాంపాన్ల కింద ముద్దకడుతుంది. ఐస్ యాక్స్ కర్రతో ఎప్పటికప్పుడు తట్టి రాలుస్తూ, మడమలు దిగేసి నడుస్తూ గరబాషి చేరాలి.