మిషను కాళ్ళమీద బల్ల

ఈమధ్య హైదరాబాదులోనో విజయవాడలోనో కాస్త ఖరీదైన కాఫీ హోటలుకు వెళ్ళినవారు ఒక వింత గమనించే ఉంటారు. కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపుకుంటే అరికాలికి చల్లగా ఏదో తగులుతుంది. వంగి చూస్తే జల్లెడలాంటి ఇనుప పలక, పక్కన పెద్ద చక్రం, రెండు వైపులా తీగలు అల్లినట్టు పోతపోసిన నల్లటి కాళ్ళు, వాటి మధ్య సింగర్ అనో ఉషా అనో అక్షరాలు. పైన మాత్రం నున్నటి చెక్క, దానిమీద కాఫీ కప్పు. కుట్టుమిషనుకు తల పోయి కాళ్ళు మిగిలాయి. ఆ కాళ్ళకు బల్ల మొలిచింది.

చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. మన ఇంట్లోనూ ఒకటి చేయించుకుందామన్న బుద్ధి పుట్టడం సహజం. పినపాకలో మా ఇంట్లో ఒకటి చేయించాం. ఎలా చేయించామో చెబుతాను. కాని బల్ల సంగతికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ తల ఏమైంది?

కుట్టుమిషనుకూ బల్లకూ చుట్టరికం నిన్నమొన్నటిది కాదు. అమెరికాలో ఐజాక్ సింగర్ 1851లో తన మిషనుకు పేటెంటు పుచ్చుకున్నాడు. తొలిరోజుల్లో దానిని ఒక చెక్కపెట్టెలో పెట్టి పంపేవారు. కొన్నవాళ్ళు ఆ పెట్టెనే నిలబెట్టి, దానిమీద మిషను బిగించి, కింద పలకను కాలితో తొక్కుతూ కుట్టుకునేవారు. దారిలో ఉన్నంతసేపూ అది పెట్టె, ఇల్లు చేరాక బల్ల! పోత ఇనుప కాళ్ళు ఆ తరవాత వచ్చాయి. 1856లో ఆ కంపెనీవారు వాయిదాల పద్ధతి పెట్టేసరికి, ఒక్కసారిగా సొమ్ము పెట్టుకోలేని ఇళ్ళలోకి కూడా మిషను అడుగుపెట్టింది.

మన దేశానికి సింగర్ మిషన్లు 1870లలోనే వచ్చాయి. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో తయారై, ఓడలెక్కి వచ్చినవి ఇప్పటికీ మన పల్లెల్లో కనిపిస్తాయి. ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది, మిషన్లు మాత్రం మూతపడలేదు. 1930లలో కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్సువారు ఉషా మిషను తయారుచేయడం మొదలుపెట్టారు. యంత్రాల వ్యామోహాన్ని అంతగా తప్పుపట్టిన గాంధీగారు సైతం, 1924లో రామచంద్రన్ అనే శాంతినికేతనం విద్యార్థితో మాట్లాడుతూ సింగర్ మిషనును మాత్రం మినహాయించారు. మనిషిని పనిలోనుంచి తోసెయ్యకుండా మనిషి శ్రమను తగ్గించే యంత్రం అది అని ఆయన ఉద్దేశం.

ఆ మినహాయింపు ఎంత సబబో తెలియాలంటే మా ఊరికి రావాలి. పినపాక ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. 2016 దాకా ఖమ్మం జిల్లా. ఒక పక్క గోదావరి, ఒక పక్క అడవి, ఆ దగ్గరలోనే మణుగూరు బొగ్గు గనులు, చుట్టూ కోయగూడేలు. మా నాన్నగారు పోయిన ఏడాది, 1984లో, మా అమ్మ మణుగూరులో ఒక దర్జీ వద్ద పాత సింగర్ కాలిమిషను కొన్నది. దానిని ఎడ్లబండిమీద గడ్డి పరిచి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చారట. అప్పటికి నాకు నాలుగేళ్ళు, మా తమ్ముడు చంకలో పిల్లవాడు.

పాతకాలంవాళ్ళు కుట్టుపనిని కుట్రపు పని అనేవారు. తెలుగు మేష్టర్ని గనుక చెబుతున్నాను, ఈ మాటలో దురాలోచన ఏమీ లేదు. అయితే మా అమ్మ మాత్రం ఆ మిషనుతో కలిసి దరిద్రం మీద ఇరవై ఏళ్ళు కుట్ర చేసిందనే చెప్పాలి. వేసవిలో తునికాకు డబ్బులు చేతికందగానే గూడేలనుంచి లంగాలు, జాకెట్లు వచ్చేవి. జూన్‌లో బడిబట్టలు. శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళేవారివి, రెండేళ్ళకొకసారి మేడారం జాతరకు వెళ్ళేవారివి. రాత్రి కరెంటు పోయినా చక్రం ఆగేది కాదు. లాంతరు మిషను పక్కకు జరిగేది, అంతే. చేతిమిషనయితే ఒక చెయ్యి చక్రానికే సరిపోతుంది. కాలిమిషను రెండు చేతుల్నీ గుడ్డకు వదిలేస్తుంది. ఆ రెండో చేతి సంపాదనమీదే నా ఎమ్మే చదువు సాగిందని నా లెక్క.

ఇప్పుడు అమ్మకు డెబ్బై దాటాయి. మోకాళ్ళు తొక్కనివ్వవు. నాలుగేళ్ళుగా మిషనుమీద దుప్పటి కప్పి ఉంది. నిరుడు వేసవిలో పాత సామాను కొనేవాళ్ళు వ్యాను వేసుకుని వచ్చారు. కాళ్ళకు నాలుగువేలు ఇస్తామన్నారు. తల తమకు అక్కర్లేదట. కావాలంటే పాత ఇనుము తూకానికి తీసుకుంటారట. ఇచ్చేద్దామని మా తమ్ముడు. కాళ్ళు మనమే ఉంచుకుని, సెలవుల్లో వచ్చినప్పుడు పేపర్లు దిద్దుకోవడానికి బల్ల చేయించుకుందామని నేను. అమ్మ ఇద్దరి మాటా విని, తీరిగ్గా వక్క కొరికింది.

"బల్ల చేస్తే చేసుకోరా పెద్దోడా, నేనొద్దన్నానా? నా కాళ్ళు పోయినయి గాని దాని తల పోయిందా? ముందు దానికో దారి చూపించు. ఆ తర్వాతనే కాళ్ళ జోలికి పో."

కాబట్టి మొదట తలను చూశాం. మీరూ అలాగే చూడండి. బెల్టు తప్పించి, పక్కనున్న చిన్న చక్రాన్ని చేత్తో తిప్పాలి. కదలకపోతే కంగారుపడకండి. చాలా మిషన్లు విరిగి ఆగవు, పాత నూనె జిగురులా ఎండిపోయి ఆగుతాయి. నూనె పోసే రంధ్రాలన్నిటిలోనూ రెండేసి చుక్కల కిరోసిను వేసి, ఒకటి రెండు రోజులు ఉంచి, మెల్లగా తిప్పి, ఆ మురికి దిగాక మిషను నూనె వెయ్యాలి. గుండ్రటి బాబిన్ రకమయితే భాగాలు టౌనులో సులువుగా దొరుకుతాయి. పడవలాగా పొడుగ్గా ఉండే షటిలు రకమయితే వెతుక్కోవాలి. పోత ఇనుప ఒళ్ళే పగిలిందా, అప్పుడిక ఆ తల పని అయిపోయినట్టే. మా తల మూడోరోజుకు తిరిగింది. అమ్మ పాత గుడ్డ ముక్క పెట్టి, చక్రం చేత్తో తిప్పుతూ జానెడు కుట్టి, ఆ కుట్టును గోటితో గీరి చూసి, తల ఊపింది.

మా పక్క గూడెంలో కోయ అమ్మాయి ఒకామె ఉంది. మహిళా సంఘంలో సభ్యురాలు. ప్రభుత్వ బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పనిని 2024లో తెలంగాణలో మహిళా సంఘాలకు అప్పగించారు. ఆ పనిలో ఈమెకూ కొంత వాటా వచ్చింది. కాని ఆమె మిషను తల అరిగిపోయి, నాలుగు కుట్లకొకటి ఎగరగొడుతోంది. బాగుచేయించే స్తోమతు లేక, పని వదులుకునే స్థితికి వచ్చింది. అమ్మ కబురంపితే ఆ సాయంత్రమే వచ్చింది.

"పెద్దమ్మా, మొత్తం మిషను ఇస్తే నా ఇంట్లో పెట్టను జాగా లేదు. నా స్టాండు మంచిగనే ఉంది. తల ఒక్కటిస్తే చాలు" అన్నది.

ఇక్కడ ఒక సుళువు చాలామందికి తెలియదు. ఇంటి మిషన్లలో ఎక్కువ భాగం సింగర్ కొలతనే అనుసరించాయి. తల అడుగుభాగం సుమారు పద్నాలుగున్నర అంగుళాల పొడవు, ఏడు అంగుళాల వెడల్పు. వెనకవైపు రెండు కీళ్ళమీద అది నిలుస్తుంది. వాటిలోని రెండు మరలు వదులు చేస్తే తల చేతికి వచ్చేస్తుంది. అందుచేత ఒక కంపెనీ తల ఇంకో కంపెనీ కాళ్ళమీద ఇట్టే కూర్చుంటుంది. మా సింగర్ తల ఆమె స్టాండుమీద పావుగంటలో అమరింది. ఆ రాత్రే ఆమె రెండు చొక్కాలు కుట్టిందట.

అప్పుడు మా ఇంట్లో కాళ్ళు నిజంగా ఖాళీ అయ్యాయి. ఇక బల్ల సంగతి.

మొదటిది శుభ్రం చేయడం. నలభై యాభై ఏళ్ళ కిందటి రంగుల్లో సీసం కలిసి ఉండవచ్చు. కాబట్టి పొడిపొడిగా గీకి ఆ దుమ్ము పీల్చకండి. ఆరుబయట, పిల్లల్ని దూరంగా ఉంచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, నీళ్ళతో తడుపుతూ వాటర్ పేపరుతో రుద్దాలి. జిడ్డుకు కిరోసిను, తుప్పుకు తీగల బ్రష్షు. కడిగిన వెంటనే తుడిచి ఎండలో పెట్టాలి, లేకపోతే తెల్లారేసరికి కొత్త తుప్పు వస్తుంది. ఆరాక ఒక పూత రెడ్ ఆక్సైడు, రెండు పూతలు నల్ల ఎనామిలు. పలక తిరిగే చోట, చక్రం తిరిగే చోట రంగు పడనివ్వక నూనె చుక్క వెయ్యాలి.

రెండవది జాగ్రత్త. ఆ కాళ్ళు పోత ఇనుము. బరువు ఎంతైనా మోస్తాయిగాని సుత్తిదెబ్బకు గాజులా పగులుతాయి. మామూలు వెల్డింగు వాటికి సరిగా అతకదు. బిగుసుకున్న బోల్టును కొట్టి ఊడదీయకండి. కిరోసిను పోసి ఓపిక పట్టండి. కొత్తగా రంధ్రం తొలవడం, అడ్డం వచ్చిందని ఏ భాగాన్నైనా కొయ్యడం అసలే వద్దు. పైపలకను బిగించడానికి పాత రంధ్రాలు అక్కడే ఉన్నాయి. అవి చాలు.

మూడవది చెక్క. మాది అడవి ప్రాంతం గనుక టేకుకు కొదవ ఏమిటని అనుకుంటారు. అడవి టేకు అనుమతి లేకుండా ఇంటికి రాదు, రాకూడదు కూడా. మా పాత వంటింటి తలుపు రెక్క ఒకటి అటకమీద ఉంది. ఏళ్ళతరబడి ఎండకూ పొగకూ ఆరిన టేకు అది. కొత్త చెక్కకంటే మేలు. మా ఊరి వడ్రంగి దానికి చిత్రిక పట్టి, మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పుతో పలక చేశాడు. మేలో నిప్పులు చెరిగే ఎండ, ఆగస్టులో గోడలు చెమర్చే తేమ మాది. చెక్క వెడల్పు ఆ తేడాకు పెరిగి తరుగుతుంది. అందుకని కింద అడ్డుపట్టీల్లో మరల రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా పెట్టాడు. బిగదీస్తే చెక్క చీలుతుంది. "చెక్కను ఊపిరి పీల్చుకోనియ్యాలె సారూ" అన్నాడు. ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

కొలతల్లో ఆశకు పోకూడదు. మిషను కాళ్ళ పాదాలు దగ్గరదగ్గరగా ఉంటాయి. పలక మరీ పొడుగయితే, ఒక చివర మోచెయ్యి ఆనించగానే రెండో చివర లేస్తుంది. మూడడుగులు దాటకపోవడం మంచిది. ఇక చక్రం. పసిపిల్లలు పలక తొక్కితే చక్రం తిరిగి వేళ్ళు నలుగుతాయి. అందుకని పలకనూ చక్రాన్నీ కలిపే కడ్డీని విప్పేశాం. విప్పిన కడ్డీ, బెల్టు, మరలు, కీళ్ళు అన్నీ ఒక రేకుడబ్బాలో వేసి, పైన కాగితం అంటించి, బల్ల కిందే కట్టి ఉంచాం. ఎందుకంటారా? మా మండలం సరిహద్దులో 1080 మెగావాట్ల భద్రాద్రి విద్యుత్ కేంద్రం 2022లో పూర్తయింది. మిషన్లకు మోటార్లు వచ్చాయి. అయినా గాలివానకు తీగ తెగిన రాత్రి కాలిమిషనే కుడుతుంది. రేపు ఎవరికైనా ఈ కాళ్ళు అవసరమయితే, నాలుగు బోల్టులు విప్పి ఇవ్వగలగాలి.

బల్ల తయారయింది. నేను ఎర్రకలం, ఆన్సరు పేపర్ల కట్ట తెచ్చుకుని కూర్చుందామని చూస్తే, దానిమీద అప్పటికే నీలం గుడ్డ పరిచి ఉంది. సుద్దముక్కతో గీతలు గీసి ఉన్నాయి. ఆ అమ్మాయికి కుట్టు వచ్చుగాని కత్తిరింపు అంతగా రాదట. అమ్మకు తొక్కడం పోయిందిగాని కత్తెర పోలేదు. ఎత్తు పీటమీద కూర్చుని అమ్మ కత్తిరిస్తుంది, గూడెంలో ఆమె కుడుతుంది. వారానికి రెండు రోజులు ఆమె వచ్చి పక్కన నిలబడి కత్తిరింపు నేర్చుకుంటోంది. గుడ్డ మిగిల్చే కిటుకులు అమ్మ ఒకటొకటే బయటపెడుతోంది. కత్తిరింపు డబ్బులు ఇంతని పట్టుబట్టి పుచ్చుకుంటోంది కూడా. ఊరికే చేస్తే పనికి విలువ ఉండదని ఆమె మాట. నా పేపర్లు మాత్రం యథాప్రకారం మంచంమీదే.

మీ ఇంట్లోనూ మూలన ఒక మిషను ఉంటే, బల్ల చేయించే ముందు తల తిప్పి చూడండి. అది తిరిగితే, మీ వీధిలోనో పక్క ఊరిలోనో దానికోసం ఎదురుచూస్తున్నవారు తప్పక ఉంటారు. మహిళా సంఘంలో ఒక్క మాట వేస్తే తెలుస్తుంది. తల వాళ్ళ చేతికి చేరాక కాళ్ళు మీవి. నిశ్చింతగా బల్ల వేసుకోండి. మరలు మాత్రం పారెయ్యకండి.